న్యాయాధిపతిని నియమించువారెవరు?

మేము తొమ్మిదవ తరగతిలో రాజ్యాంగ పాఠమును చెప్పుచుండగా నొకనాడు వెనుక బల్లమీది బాలుడొకడు లేచి యిట్లడిగెను: “మాస్టరుగోరూ, ఆ జడ్జీగోరిని ఎవులేసినారండి? గవర్నమెంటోలే ఏస్తే, గవర్నమెంటోల మీద తీరుపెలాగ చెప్తారండి?” తరగతి యంతయు నవ్వెను. ఆ బాలుడు మాత్రము నవ్వలేదు. వాని తండ్రి భూమి తగాదా నిమిత్తము ఏండ్ల తరబడి కోర్టునకు తిరుగుచున్నాడనియు, ఎదుటి పక్షము ప్రభుత్వమే యనియు తరువాత తెలిసికొంటిమి.

ఆ దినమున మేమిచ్చిన యుత్తరము చాలినది కాదు. రాష్ట్రపతి నియమించునని చెప్పి తరువాతి పుటకు పోతిమి. అది సత్యమేకాని, ఆ బాలుడడిగినది అది కాదు. నియామకపత్రముమీద సంతకము చేయువారెవరని వాడడుగలేదు. నిజముగా ఏరుకొనువారెవరని యడిగెను. ఆ ప్రశ్నకు తగిన యుత్తరమును ఈ సంచికలో వ్రాయ బూనుకొంటిమి. విద్యార్థులతోపాటు వారి తలిదండ్రులును దీనిని చదువుదురని మా యాశ.

1. మోషే కాలమునాటి రెండు విధములు

ఈ ప్రశ్న నేటిది కాదు. నిర్గమకాండము పదునెనిమిదవ అధ్యాయములో, మోషే ఉదయము మొదలు సాయంకాలమువరకు ఒంటరిగా కూర్చుండి ప్రజల వ్యాజ్యెములను తీర్చుచుండగా, ఆయన మామయగు యిత్రో చూచి, ఇది నీ యొక్కనివలన కాని పనియని హెచ్చరించెను. సామర్థ్యము, దైవభక్తి, సత్యము గలిగి లంచమును రోయువారిని ఏర్పరచుకొమ్మని యాలోచన చెప్పెను. మోషే యట్లే యేర్పరచుకొనెను.

ద్వితీయోపదేశకాండము మొదటి అధ్యాయములో మోషే యీ సంగతినే జ్ఞాపకము చేయుచు మరియొక విధముగా చెప్పెను. జ్ఞానము, అనుభవము గలవారిని గోత్రముల చొప్పున మీరే చూపుడని ప్రజల నడిగితిననియు, వారు సమ్మతించి చూపగా తాను నియమించితిననియు పలికెను. ఒకచోట ఏలువాడే యేరుకొనెను. రెండవచోట ప్రజలు పేరు చెప్పగా ఏలువాడు నియమించెను. లోకములోని రాజ్యములన్నియు నేటికిని ఈ రెండింటి నడుమనే తిరుగుచున్నవి. మన దేశము మాత్రము ఈ రెండింటికిని వేరైన మూడవ విధమునకు వచ్చి చేరినది. అందు న్యాయాధిపతులే న్యాయాధిపతులను ఏరుకొందురు. ఎట్లు వచ్చి చేరినదో ముందు చూతము.

2. న్యాయస్థానముల మెట్లు

మన ప్రాంతమున బొబ్బిలి, పార్వతీపురము, టెక్కలి, సోంపేట మొదలగు పట్టణములలో గల చిన్న న్యాయస్థానములను పెద్దలు నేటికిని మునసబు కోర్టులందురు. అచ్చటి జూనియరు సివిల్ జడ్జీలను హైకోర్టువారు పరీక్షించి యెన్నుకొందురు, గవర్నరు నియమించును. ఈ పరీక్షకు వచ్చువారు కనీసము మూడు సంవత్సరములు న్యాయవాదులుగా పనిచేసి యుండవలెనని సుప్రీంకోర్టు 2025 మే 20వ తేదీన తీర్పు చెప్పినది. వీరికి పైమెట్టున శ్రీకాకుళము, విజయనగరములలోని జిల్లా జడ్జీలుందురు. వారికి పైగా రాష్ట్రపు హైకోర్టును, అన్నిటికిని పైగా ఢిల్లీలో సుప్రీంకోర్టును గలవు.

మన ప్రాంతపు అప్పీళ్లు పోవు హైకోర్టు నాలుగు చోట్లకు మారినది. 1954 వరకు మనవారు మద్రాసునకు పోవలసియుండెను. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మట 1954 జూలైలో గుంటూరున హైకోర్టు స్థాపింపబడెను. 1956లో అది హైదరాబాదునకు మారెను. రాష్ట్రము రెండైన తరువాత, 2019 జనవరి 1వ తేదీ నుండి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో ప్రత్యేకముగా నడచుచున్నది. దానికి నిర్ణయింపబడిన న్యాయాధిపతుల సంఖ్య 37.

చిన్న న్యాయస్థానమునకు పరీక్ష కలదు, మార్కులు కలవు, అందరికిని తెలిసిన నియమములు కలవు. హైకోర్టునకును సుప్రీంకోర్టునకును పరీక్ష లేదు. మన పాఠము ఈ పై రెండు మెట్లను గూర్చినది.

3. ఒక్క న్యాయాధిపతి మాట

ఎవరు నియమించిననేమి, చట్టము ఒక్కటే గదా, అని కొందరందురు. మూడు ఉదాహరణములు చెప్పెదము.

అనంతగిరి మన్యములో బొర్రా ప్రాంతమున గనుల త్రవ్వకమునకు ప్రభుత్వము కౌళ్లు ఇచ్చెను. గిరిజనుల భూమి ఇతరుల పాలు గాకూడదను శాసనము ప్రభుత్వమునకు గూడ వర్తించునా యను ప్రశ్న పుట్టెను. సమత యను సంస్థ వేసిన వ్యాజ్యెమును హైకోర్టు కొట్టివేసెను. సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయాధిపతులు విచారించి 1997 జూలై 11వ తేదీన తీర్పు చెప్పిరి. ఏజెన్సీ ప్రాంతమున ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకు కౌలుకిచ్చుట చెల్లదని ఇద్దరు పలికిరి. మూడవవారు వారితో నేకీభవింపలేదు. ఆ యిద్దరిలో నొకరు మరియొక విధముగా తలంచియుండినయెడల తీర్పు తలక్రిందులై యుండెడిది. ఆ శాసనము మన సీతంపేట, కురుపాము, గుమ్మలక్ష్మీపురముల మన్యమునకును వర్తించునదే.

రెండవది. రాజమహేంద్రవరమున 1902లో జన్మించిన కోకా సుబ్బారావుగారు ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయాధిపతి. 1958లో సుప్రీంకోర్టునకు పోయి, 1966లో భారతదేశపు ప్రధాన న్యాయాధిపతియైరి. వారి యధ్యక్షతన గోలక్‌నాథ్ వ్యాజ్యెములో 1967 ఫిబ్రవరి 27వ తేదీన వచ్చిన తీర్పు ప్రకారము, రాజ్యాంగమును సవరించియైనను ప్రజల ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గింపరాదు. ఆ తీర్పును సమర్థించినవారు ఆరుగురు, వ్యతిరేకించినవారు ఐదుగురు. 1973లో పదుముగ్గురు న్యాయాధిపతులు దానిని మరల విచారించి, పార్లమెంటు సవరింపవచ్చునుగాని రాజ్యాంగపు మూలస్వరూపమును చెరుపరాదని ఏడుగురు ఒక ప్రక్క, ఆరుగురు ఒక ప్రక్కగా నిర్ణయించిరి. అప్పుడును ఒక్క మాటయే భేదము.

మూడవది పాఠశాలకు సంబంధించినది. కేరళలో యెహోవా సాక్షులను మతశాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతము పాడు సమయమున మర్యాదగా లేచి నిలిచిరిగాని, తమ విశ్వాసమునకు విరోధమని పాడరైరి. పాఠశాలనుండి వారిని తొలగించిరి. హైకోర్టున వారికి ఊరట దొరకలేదు. సుప్రీంకోర్టులో ఆంధ్రుడైన ఓ. చిన్నప్పరెడ్డిగారు 1986 ఆగస్టు 11వ తేదీన తీర్పు వ్రాసి, ఆ పిల్లలను మరల చేర్చుకొనవలెనని యాజ్ఞాపించిరి. ఆ పిల్లల మతము మన సంఘముల మతము కాదు. అయినను, కొద్దిమందియైన వారి మనస్సాక్షికి చోటు లేని దేశములో మన మనస్సాక్షికి మాత్రము ఎంతకాలము చోటుండును? ఆ తీర్పు వ్రాసిన చిన్నప్పరెడ్డిగారినే, పదేండ్లకు పూర్వము, 1976లో, అత్యవసర పరిస్థితి కాలమున ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి పంజాబు, హర్యానా హైకోర్టునకు బదిలీ చేసిరి. ఆ సంవత్సరమున అట్లు బదిలీయైన హైకోర్టు న్యాయాధిపతులు పదునారుగురు.

4. తెల్లదొరల కాలము

1861వ సంవత్సరపు శాసనమును బట్టి 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడెను. న్యాయాధిపతులలో కనీసము మూడవవంతు బారిస్టర్లును, మూడవవంతు సివిల్ సర్వీసు ఉద్యోగులును ఉండవలెనని నియమము. కలెక్టరు పని చేసిన దొరయే తరువాత న్యాయపీఠముమీద కూర్చుండుటకు వీలుండెను. వారందరు రాజుగారి ఇష్టమున్నంతకాలమే ఆ యుద్యోగములో నుండువారు. భారతీయుడైన టి. ముత్తుస్వామి అయ్యరుగారు మద్రాసు హైకోర్టు పీఠమెక్కినది 1877లో. రాజుగారి ఇష్టముతో నిమిత్తము లేకుండ అరువది యేండ్లవరకు న్యాయాధిపతి యుండవచ్చునను నియమము 1935వ సంవత్సరపు శాసనమువలన వచ్చెను. పి. వి. రాజమన్నారుగారు స్వతంత్రము వచ్చిన తరువాత, 1948లో, మద్రాసు హైకోర్టునకు ప్రధాన న్యాయాధిపతియైరి.

5. రాజ్యాంగ నిర్మాతలు ఏరుకొన్న త్రోవ

1949 మే 24వ తేదీన రాజ్యాంగసభలో ఈ ప్రశ్న వచ్చెను. డాక్టరు అంబేడ్కరుగారి యెదుట రెండు దేశముల పద్ధతులుండెను. ఇంగ్లండులో రాజు పేర మంత్రులే నియమించుచుండిరి. అమెరికాలో వేరొక పద్ధతి కలదు.

ఆ యమెరికా పద్ధతిని కొంచెము విపులముగా తెలిసికొందము. అచ్చట రాష్ట్రములకు వేరుగా, దేశమంతటికి సంబంధించిన ఫెడరల్ న్యాయస్థానములు కలవు. వాటి న్యాయాధిపతి పేరును అధ్యక్షుడు ప్రతిపాదించును. సెనేటు సభవారి న్యాయవిషయక ఉపసంఘము ఆ వ్యక్తిని బహిరంగముగా పిలిపించి, పూర్వపు తీర్పులను, వ్రాతలను, నడవడిని గూర్చి ప్రశ్నించును. పిదప సెనేటు సభ ఓటు వేయును. సమ్మతి లభించిననే నియామకము. 1987లో అధ్యక్షుడు ప్రతిపాదించిన రాబర్టు బోర్కుగారిని సుప్రీంకోర్టునకు వలదని 58 మందియు, కావలెనని 42 మందియు ఓటు వేయగా ఆ పేరు తొలగిపోయెను. ఒకమారు నియమింపబడినవారు సత్ప్రవర్తనతో నున్నంతకాలము, అనగా జీవితాంతము, ఆ పదవిలో నుందురు. ఇందలి గుణము వెలుగు; సర్వజనులు చూచుచుండగా పరీక్ష జరుగును. ఇందలి దోషము కక్ష. ఏ కక్షివారు ప్రతిపాదించిరో చూచి ఓటు వేయుట సర్వసాధారణమైనది.

అంబేడ్కరుగారు ఈ రెండింటిని ఒల్లకుండిరి. మంత్రులకే విడిచిపెట్టుట ప్రమాదమనియు, శాసనసభల సమ్మతి తీసికొనుట రాజకీయపు ఒత్తిడులకు త్రోవయిచ్చుననియు తలంచిరి. ప్రధాన న్యాయాధిపతి సమ్మతి తప్పనిసరి చేయుడని మరికొందరు కోరిరి. ఆయనయు మనుష్యుడే, మనుష్యులకుండు బలహీనతలు ఆయనకును ఉండును గనుక అంత యధికారము ఒక్కని చేతిలో పెట్టరాదని అంబేడ్కరుగారు బదులు చెప్పిరి. తుదకు మధ్యమార్గము నిలిచెను: రాష్ట్రపతి నియమించును, కాని న్యాయాధిపతులతో సంప్రదించి నియమించును. హైకోర్టు విషయమై 217వ అధికరణము, సుప్రీంకోర్టు విషయమై 124వ అధికరణము దీనిని చెప్పుచున్నవి.

6. ఒక మాటకు మూడు అర్థములు

సంప్రదించుట యనగా నేమి? మన యిండ్లలో పెండ్లి సంబంధము కుదుర్చునప్పుడు మేనమామను సంప్రదింతుము. ఆయన వలదన్నయెడల సంబంధము నిలిచిపోవునా, లేక ఆయన మాట విని మన యిష్టము వచ్చినట్లు చేయుదుమా? ఈ యొక్క మాటమీదనే డెబ్బదియేండ్ల వివాదము నడచినది.

మొదటి యిరువదేండ్లు సంప్రదింపు సామాన్యముగా సాగెను. ప్రధాన న్యాయాధిపతి పదవి వరుసలో పెద్దవారికి వచ్చుచుండెను. 1973 ఏప్రిల్ 24వ తేదీన, పైన చెప్పిన పదుముగ్గురి తీర్పు వెలువడెను. మరునాడే ప్రభుత్వము, ఆ తీర్పులో తమకు వ్యతిరేకముగా నిలిచిన షేలత్, హెగ్డే, గ్రోవరు గార్లను దాటించి, వారి తరువాతివారైన ఎ. ఎన్. రేగారిని ప్రధాన న్యాయాధిపతిగా ప్రకటించెను. ముగ్గురును రాజీనామా చేసిరి. 1977లో హెచ్. ఆర్. ఖన్నాగారికి నట్లే జరిగెను. వారును రాజీనామా చేసిరి. మా తరగతి బాలుడు భయపడినది ఇట్టి దానిని గూర్చియే.

1981 డిసెంబరులో మొదటి తీర్పు వచ్చెను: సంప్రదింపు సమ్మతి కాదు, కడపటి మాట ప్రభుత్వముదే. 1993 అక్టోబరు 6వ తేదీన తొమ్మిదిమంది న్యాయాధిపతులు దానిని త్రోసివేసిరి: కడపటి మాట ప్రధాన న్యాయాధిపతిది, అయితే ఆయన తన క్రింది యిద్దరు పెద్దలతో నాలోచింపవలెను. రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ గారి కాలమున అడిగిన ప్రశ్నలకు 1998 అక్టోబరు 28వ తేదీన మూడవ యుత్తరము వచ్చెను: సుప్రీంకోర్టు నియామకములకు ప్రధాన న్యాయాధిపతియు నలుగురు పెద్దలును, హైకోర్టు నియామకములకు ఆయనయు ఇద్దరు పెద్దలును కూడి నిర్ణయింపవలెను. ఈ కూటమునే కొలీజియ మందురు. ఈ పేరు రాజ్యాంగములో నెచ్చటను లేదు. మేనమామ యాలోచన చెప్పుటతో మొదలై, మేనమామయే సంబంధము కుదుర్చుటతో ముగిసినది.

7. నేటి పద్ధతి

హైకోర్టు న్యాయాధిపతి కాదలచినవారు భారత పౌరులై, పది సంవత్సరములు న్యాయాధికారి పదవిలోనైనను, పది సంవత్సరములు హైకోర్టు న్యాయవాదులుగానైనను పనిచేసి యుండవలెను. సుమారు రెండువంతులమంది న్యాయవాదులనుండియు, ఒకవంతు జిల్లా జడ్జీలనుండియు వత్తురు. వరుస యిది:

మొదట, రాష్ట్ర హైకోర్టు ప్రధాన న్యాయాధిపతి, తన తరువాతి యిద్దరు పెద్దలతో నాలోచించి పేర్లు వ్రాయును. ఖాళీ యేర్పడుటకు ఆరు నెలలు ముందుగానే వ్రాయవలెనని నియమము.

రెండవది, ఆ పేర్లు ముఖ్యమంత్రికిని గవర్నరునకును పోవును. వారు తమ యభిప్రాయము తెలుపుదురు.

మూడవది, కేంద్ర న్యాయశాఖకు చేరును. ఇంటెలిజెన్సు బ్యూరోవారు ఆ వ్యక్తి నడవడిని విచారించి నివేదిక నిత్తురు.

నాలుగవది, సుప్రీంకోర్టు కొలీజియము పరిశీలించును. ఆ హైకోర్టును ఎరిగిన సుప్రీంకోర్టు న్యాయాధిపతుల యభిప్రాయమును గూడ తీసికొందురు.

ఐదవది, ప్రభుత్వము అంగీకరించిన ప్రధానమంత్రి ద్వారా రాష్ట్రపతికి పోవును. అంగీకరింపనియెడల కారణములతో త్రిప్పి పంపవచ్చును. కొలీజియము ఆ పేరునే మరల చెప్పినయెడల ప్రభుత్వము నియమింపవలసినదే.

కడపట, రాష్ట్రపతి సంతకము చేసిన పత్రము రాగా, గవర్నరు యెదుట క్రొత్త న్యాయాధిపతి ప్రమాణము చేయును. సామాన్యముగా మొదట రెండేండ్ల వరకు అదనపు న్యాయాధిపతిగా నుంచి పిదప స్థిరపరతురు. హైకోర్టులో 62 ఏండ్లవరకును, సుప్రీంకోర్టులో 65 ఏండ్లవరకును పదవి యుండును. తొలగింపవలెనన్న పార్లమెంటు ఉభయసభలలోను ప్రత్యేకమైన అధిక సంఖ్యాకుల తీర్మానము కావలెను. ఈ కడపటి నియమమే వారికి కోటగోడ; తీర్పు నచ్చలేదని ఏ మంత్రియు వారిని ఇంటికి పంపజాలడు.

కృష్ణాజిల్లావాసియైన ఎన్. వి. రమణగారు ఈ మెట్లన్నియు ఎక్కిరి. 2000లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకును, 2013లో ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయాధిపతిగాను, 2014లో సుప్రీంకోర్టునకును పోయి, 2021 ఏప్రిల్ 24వ తేదీనుండి 2022 ఆగస్టు 26వ తేదీవరకు భారత ప్రధాన న్యాయాధిపతిగా నుండిరి. వారి కాలమున, 2021 ఆగస్టు 31వ తేదీన, తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయాధిపతులు ఒకే దినమున ప్రమాణము చేసిరి. అందు ముగ్గురు స్త్రీలు. ఆ తొమ్మిదిమందిలో తెలుగువారైన పి. ఎస్. నరసింహగారు హైకోర్టు మెట్టు ఎక్కకయే, న్యాయవాది పదవినుండి నేరుగా వచ్చినవారు.

8. మూయబడిన గది

ప్రభుత్వము చేతినుండి తప్పించినంతమాత్రమున దోషములన్నియు తొలగినవా? లేదు. రెండు దోషములు మిగిలినవి.

మొదటిది ఆలస్యము. ప్రభుత్వము ఇన్ని దినములలో బదులు చెప్పవలెనని రాజ్యాంగములో లేదు. వలదనకయే, కాగితమును కదల్పకయుండిన చాలును. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గడువులు నిర్ణయించి, మరల చెప్పిన పేరును మూడు నాలుగు వారములలో నియమింపవలెననెను. అయినను తగవు తీరలేదు. ఖాళీ పీఠముల భారము మోయువాడు మంత్రియు కాదు, న్యాయాధిపతియు కాదు. వాయిదాలకు తిరుగు రైతు.

రెండవది చీకటి. ఐదుగురు పెద్దలు ఒక గదిలో కూర్చుండి ఏరుకొందురు. ఎవరిని ఎందుకు ఏరుకొనిరో, ఎవరిని ఎందుకు విడిచిరో బయటివారికి తెలియదు. ఈ దోషమును గట్టిగా చెప్పినవారిలో ముఖ్యులు, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1976లో న్యాయపట్టము పొందిన జాస్తి చలమేశ్వరుగారు. 2014లో పార్లమెంటు రాజ్యాంగమును సవరించి, ముగ్గురు న్యాయాధిపతులు, న్యాయమంత్రి, ఇద్దరు ప్రముఖులు గల ఆరుగురి సంఘము నియామకములు చేయవలెనని యేర్పరచెను. ఇద్దరు వలదన్న పేరు సాగదు. ప్రభుత్వమునకు ఇట్టి చోటిచ్చుటవలన న్యాయస్థానపు స్వాతంత్ర్యము చెడునని నలుగురు న్యాయాధిపతులు 2015 అక్టోబరు 16వ తేదీన ఆ సవరణను కొట్టివేసిరి. ఐదవవారైన చలమేశ్వరుగారు మాత్రము భిన్నముగా వ్రాసి, ఆ సంఘమును నిలుపవలెననిరి. 2016లో, చర్చలు వ్రాతలో నుంచనియెడల కొలీజియము సమావేశములకు రానని తెలిపిరి. 2017 అక్టోబరునుండి కొలీజియము తన తీర్మానములను బహిరంగముగా ప్రకటించుట మొదలయ్యెను. తలుపు కొంచెము తెరువబడెను.

ఈ సంఘము ఆలోచన 2014లో పుట్టినది కాదు. రాజ్యాంగము నడచిన తీరును పరిశీలించుటకు 2000లో ఏర్పడిన జాతీయసంఘము 2002లో ఇట్టి సలహానే యిచ్చెను. ఆ సంఘపు సభ్యులలో నొకరు కొత్తపల్లి పున్నయ్యగారు. వారు మన శ్రీకాకుళము జిల్లావారు; దళిత కుటుంబమున జన్మించి, శాసనసభ్యులై, పిదప ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయాధిపతియైరి. ఊరిబావి దరికి రానియ్యబడని జనమునుండి వచ్చి, ఊరందరి వ్యాజ్యెములు తీర్చు పీఠము నెక్కుట సామాన్యమైన సంగతి కాదు. అట్లే స్త్రీలకు మూయబడిన తలుపును మొదట తెరచిన అన్నా చాండీగారు, కేరళ క్రైస్తవురాలు, 1937లో తిరువాన్కూరున మునసబై, 1959లో హైకోర్టు న్యాయాధిపతియైరి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో మొదటి స్త్రీ, కె. అమరేశ్వరిగారు, 1978లో వచ్చిరి. వీరిలో ప్రతివారిని గూర్చియు ఎవరో ఒకరు ఎచ్చటనో పేరు చెప్పియుండిరి. పేరు చెప్పబడక మిగిలినవారెందరో ఎవరికి తెలియును? గది మూయబడియున్నయెడల అట్టివారు తమకు జరిగిన లోపమును అడుగుటకైనను వీలులేదు.

9. మా యుత్తరము

ఇప్పుడు ఆ బాలునికి ఇట్లు చెప్పగలము. బాబూ, నీవడిగినది సరియైన ప్రశ్న. గవర్నమెంటువారు ఒంటరిగా వేయుటలేదు. వారు సంతకము చేయుదురు, విచారింతురు, ఆక్షేపింపవచ్చును, ఆలస్యము చేయవచ్చును. కాని ఏరుకొనువారు న్యాయాధిపతులే. వేసిన తరువాత తీసివేయుట ప్రభుత్వము వశములో లేదు. కనుకనే నీ తండ్రి ప్రభుత్వముమీద వేసిన వ్యాజ్యెమును న్యాయాధిపతి నిర్భయముగా వినవచ్చును.

ఇంతవరకు ధైర్యముగా చెప్పుదుము. దీనితో తృప్తిపడుమని మాత్రము చెప్పము. ఏలువాడొక్కడే ఏరుకొన్నయెడల భయము పుట్టును. 1973లో అది చూచితిమి. సభలో ఓటు వేసి ఏరుకొన్నయెడల కక్ష పుట్టును. అమెరికాలో అది చూచుచున్నాము. పెద్దలు తలుపు మూసి ఏరుకొన్నయెడల అనుమానము పుట్టును. మన దేశములో నది నేటికిని తీరలేదు. ప్రభుత్వము చేయి పైచేయి కాకూడదనుటలో మాకు సందేహము లేదు. అయితే ఏరుకొనువారెవరైనను తమ కారణములను వ్రాసి చూపవలెను. ప్రభుత్వము గడువులోపల బదులు చెప్పవలెను. మన్యములోను, పేటలలోను పుట్టి యోగ్యులైనవారిని వెదకి పేరు చెప్పవలెను. ఈ మూడును జరిగిననే, ఓడిపోయినవాడు సైతము తనకు న్యాయము జరిగినదని యింటికి పోవును.

ద్వితీయోపదేశకాండములోని ఆ యధ్యాయమున మోషే ప్రజలను పేర్లడిగిన వెంటనే న్యాయాధిపతులకొక యాజ్ఞ యిచ్చెను. అల్పుడని, ఘనుడని, పరదేశియని చూడక సమానముగా వినవలెననియు, ఎవనికిని భయపడరాదనియు దాని తాత్పర్యము. నియమించు పద్ధతులు దేశకాలములను బట్టి మారును. ఈ యాజ్ఞ మారదు. మన బల్లలమీద కూర్చున్నవారిలో నొకరు ఎప్పుడైన ఆ పీఠమెక్కుదురేమో మేమెరుగము. ఎక్కినయెడల, కోర్టువరండాలో నిలిచిన తండ్రిని, బడిలో ఆ ప్రశ్నవేసిన కొడుకును మరువకుందురు గాక.

అభ్యాసము

1. సంప్రదించుట, సమ్మతించుట యను మాటలకు భేదమేమి? 1981, 1993 సంవత్సరముల తీర్పులు ఆ భేదమును ఎట్లు నిర్ణయించెను?
2. అమెరికా పద్ధతిలోని ఒక గుణమును, ఒక దోషమును వ్రాయుము.
3. హైకోర్టు న్యాయాధిపతి నియామకములోని ఆరు మెట్లను వరుసగా చెప్పుము.
4. చిన్న న్యాయస్థానములకు పరీక్ష యుండగా పెద్ద న్యాయస్థానములకు ఎందుకు లేదు? ఉండవలెనా? ఇంట పెద్దలతో మాటలాడి నీ యభిప్రాయమును పది పంక్తులలో వ్రాయుము.